సాంచాల వాడలో తెలుగు బడి

సూరత్ నగరపాలక సంస్థ నడిపే ప్రాథమిక పాఠశాలల్లో ఏడు భాషల్లో చదువు చెబుతారు: గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఇంగ్లీషు, తెలుగు. తాపీ నది ఒడ్డున ఉన్న ఆ ఊళ్లో తెలుగు అక్షరాలు నల్లబల్ల మీదికి ఎక్కాయంటే కారణం వరంగల్, కరీంనగర్, నల్లగొండ జిల్లాల నేత కుటుంబాలు. చేతిమగ్గం కూడు పెట్టని రోజుల్లో మరమగ్గాన్ని వెతుక్కుంటూ పోయి లింబాయత్, ఉధ్నా, దిండోలి, గోడాదరా, పర్వత్ పాటియా వంటి వాడల్లో స్థిరపడ్డారు. వాళ్లలో ఎక్కువమంది పద్మశాలీలు.

ఆ వాడల్లో ఏటా జూన్ వచ్చేసరికి ఇంటింటా ఒకే చర్చ. ఈడొచ్చిన బిడ్డను దగ్గర్లోని మున్సిపల్ తెలుగు బడిలో వేయాలా, గుజరాతీ బడిలో వేయాలా, అప్పు చేసైనా ప్రైవేటు ఇంగ్లీషు మీడియంలో వేయాలా? "ఆ బడిల పిల్లలే లేరట" అని ఒకరంటారు. "సార్లు మంచోళ్లేగని, ఎనిమిది అయినంక ఏడికి పోతరు?" అని మరొకరు అడుగుతారు. ఇద్దరిదీ న్యాయమైన భయమే. కానీ బడి లోపల పిల్లలకు ఏం వస్తోందో ఈ రెండు మాటల్లోనూ లేదు.

తల్లిదండ్రులు బడిని అంచనా కట్టడం ఈనాటి పని కాదు. సూరత్ బళ్ల రెండు వందల ఏళ్ల చరిత్ర తిరగేస్తే ఒక సంగతి పదేపదే కనబడుతుంది. పైనుంచి వచ్చినవాళ్లు హాజరుపట్టీలో పేర్లు లెక్కపెట్టారు, ఒక్కరోజు పరీక్ష పెట్టి మార్కు వేశారు. ఇంటివాళ్లు బిడ్డ నోటి నుంచి ఏం వస్తోందో విన్నారు. ఈ రెండో కొలత పక్కకు పోయిన ప్రతిసారీ బడి గురించి తప్పుడు తీర్పులే వచ్చాయి.

దుమ్ములో దిద్దిన అక్షరం

ఈస్టిండియా కంపెనీ సర్కారు బళ్లు పెట్టకముందే గుజరాత్ ఊళ్లలో బళ్లున్నాయి. వాటిని ధూళి నిశాళలు అనేవారు. నిశాళ అంటే బడి. పిల్లలు చెక్క మీద సన్నటి దుమ్ము పరిచి పుల్లతో అక్షరాలు దిద్దేవారు. మన వీధిబడిలో ఇసుకలో ఓనమాలు దిద్దడం లాంటిదే. పంతుల్ని మెహతాజీ అనేవారు. ఆయనకు ప్రభుత్వ జీతం లేదు. పిల్లల ఇళ్ల నుంచి గింజలు, పండగలకు కొంత పైకం, పిల్లవాడు ఒక మెట్టు దాటి పైమెట్టు ఎక్కినప్పుడు మరికొంత ముట్టేవి.

ఆ చదువులో అసలు సరుకు లెక్కలే. సూరత్ రేవు పట్నం. మొగల్ చక్రవర్తి జహంగీర్ అనుమతితో 1613లో ఇంగ్లీషు కంపెనీ కొలువు తీరింది ఇక్కడే. పత్తి, పట్టు, నీలిమందు, జరీ కొనుగోళ్ల మధ్య బతికే ఊళ్లో ఎక్కాలు రాని కుర్రాడికి పని లేదు. ఒకటి, రెండు, మూడు ఎక్కాలతో సరిపెట్టేవారు కాదు. పావు, అర, ముప్పావు, ఒకటింబావు, ఒకటిన్నర ఎక్కాలు కూడా కంఠతా రావాలి. వాటినే పాయా, అర్ధా, పోణా, సవాయా, దోఢా అనేవారు. గజం రూపాయింబావు చొప్పున పదహారు గజాలెంత అని తండ్రి దుకాణంలో అడిగితే, వేళ్లు మడవకుండా ఇరవై అని కొడుకు చెప్పాలి. చెప్పలేకపోతే ఆ ఇంటి నుంచి మెహతాజీకి గింజలు రావడం కష్టం.

ఆ బడి లోపాలు చిన్నవి కావు. ఆడపిల్లలకు అక్కడ చోటు దాదాపు లేదు. అంటరానివాళ్లన్న పిల్లల్ని గడప తొక్కనిచ్చేవారు కాదు. బెత్తం విరివిగా ఆడేది. అయినా ఒక్క విషయంలో అది నేటి బడి కంటే మేలు: పిల్లవాడికి చదువు వచ్చిందో లేదో తేల్చుకునే సాధనం తండ్రి చేతిలోనే ఉండేది. ఏ అధికారీ వచ్చి చెప్పే పని లేదు.

మెహతాజీ నుంచి ఇన్‌స్పెక్టరు దాకా

1826లో బొంబాయిలో తర్ఫీదు పొందిన మాస్టార్లను పంపి, సూరత్‌తో పాటు గుజరాత్‌లోని కొన్ని ఊళ్లలో ప్రభుత్వం బళ్లు తెరిపించింది. అచ్చుపుస్తకం వచ్చింది. భూగోళం వచ్చింది. సూరత్ ప్రభుత్వ బడిలో పాఠాలు చెప్పిన దుర్గారామ్ మెహతాజీ (1809–1876) గుజరాత్ సంస్కరణోద్యమానికి ఆద్యుల్లో ఒకడు. 1844లో మిత్రులతో కలిసి మానవ ధర్మ సభ స్థాపించాడు. మంత్రాలతో ఏమైనా చేయగలమనే వాళ్లను నలుగురిలో సవాలు చేశాడు. వితంతువులు మళ్లీ పెళ్లి చేసుకోవచ్చన్నాడు. సూరత్ తల్లిదండ్రులకు అప్పుడు కొత్త ప్రశ్న పుట్టింది. ఈ మాస్టారు లెక్కలు బాగా చెబుతున్నాడా అన్నది సరే, మా పిల్లవాడి తలలో ఏం నాటుతున్నాడు?

ఆధునిక గుజరాతీ సాహిత్యానికి మూలపురుషుడిగా చెప్పుకునే నర్మద్ (1833–1886) సూరత్‌వాడే. ఆయన కూడా 1852లో తాపీ ఆవలి ఒడ్డున ఉన్న రాందేర్ బడిలో మాస్టారుగా చేరాడు. అంతటివాడు చిన్నపిల్లల బడిలో కూర్చుని పాఠం చెప్పిన ఊరు అది.

1854లో విద్యపై వచ్చిన వుడ్ ఉత్తర్వు తర్వాత ప్రెసిడెన్సీలన్నిటా విద్యాశాఖలు, ఇన్‌స్పెక్టర్లు వచ్చారు. 1860లలో ఫలితాలను బట్టి గ్రాంటు ఇచ్చే పద్ధతి మొదలైంది. బొంబాయిలోనే కాదు, మన సర్కారు జిల్లాలున్న మద్రాసు ప్రెసిడెన్సీలోనూ ఇదే నడిచింది. ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజున ఎంతమంది పిల్లలు పరీక్ష గట్టెక్కితే బడికి అంత సొమ్ము. దాని ఫలితం ఊహించదగ్గదే: ఆ ఒక్కరోజు కోసం ఏడాదంతా బట్టీ పట్టించడం, గట్టెక్కడనుకున్న పిల్లవాడి మీద ఆశ వదులుకోవడం. 1882లో విద్యపై విచారణ జరిపిన హంటర్ కమిషన్ ముందు జ్యోతిరావు ఫూలే చెప్పుకున్న గోడు ఇంకా లోతైనది. రైతులూ కూలీలూ కట్టిన పన్నులతో పై కులాల పై చదువులకు ఖర్చుపెడుతున్నారనీ, పల్లె పిల్లల ప్రాథమిక విద్యను గాలికొదిలేశారనీ ఆయన నిలదీశాడు. బడి కూలబడితే తప్పు మాస్టారిదా, పిల్లవాడిదా, సొమ్ము పంచిన చేతిదా అన్న ప్రశ్నను అంత సూటిగా వేసినవాళ్లు అంతకుముందు తక్కువ.

ఊరు బడిని తన చేతిలోకి తీసుకున్నప్పుడు

సూరత్‌కు పొరుగున ఉన్న నవసారి అప్పట్లో బరోడా సంస్థానంలో ఉండేది. మూడో శాయాజీరావు గాయక్వాడ్ 1906లో తన రాజ్యమంతటా ప్రాథమిక విద్యను నిర్బంధం చేశాడు. బ్రిటిష్ ఏలుబడిలోని సూరత్‌లో అలాంటిది లేదు. 1918లో విఠల్‌భాయ్ పటేల్ పట్టుదలతో బొంబాయి శాసనమండలి ఒక చట్టం చేశాక, మున్సిపాలిటీలకు తమ హద్దుల్లో నిర్బంధ విద్య అమలు చేసే అధికారం వచ్చింది.

అంతలోనే సహాయ నిరాకరణోద్యమం వచ్చింది. అహ్మదాబాద్, నడియాద్, సూరత్ మున్సిపాలిటీలు ఒక సాహసం చేశాయి. మా బళ్లకు సర్కారు గ్రాంటు వద్దు, సర్కారు తనిఖీ కూడా వద్దు అన్నాయి. ఆ బళ్లను జాతీయ పాఠశాలలుగా నడపాలని సంకల్పించాయి. ప్రభుత్వం ఊరుకోలేదు. 1922లో సూరత్ మున్సిపాలిటీని పక్కనపెట్టి, తాను నియమించిన కమిటీకి పాలన అప్పగించింది. దాంతో ఊళ్లో రెండు రకాల బళ్లు పోటీపడ్డాయి. ఉద్యమం వేడిలో పిల్లల్ని జాతీయ బడికి పంపిన తల్లిదండ్రులు, వేడి తగ్గాక సర్టిఫికెట్ గురించీ ఉద్యోగం గురించీ ఆలోచించారు. జాతీయ బళ్లు క్రమంగా పలచబడ్డాయి. వాటిలో చదువు చెడిపోయిందని ఎవరూ రుజువు చేయలేదు. అక్కడ చదివాక దారి ఎటన్నదే తల్లిదండ్రులకు తేలలేదు. నేటి తెలుగు బడి తల్లి అడిగే ప్రశ్న నూరేళ్ల కిందట సూరత్ వీధుల్లో వినబడినదే.

1947 నాటి బొంబాయి ప్రాథమిక విద్యా చట్టం ప్రాథమిక బళ్ల నిర్వహణకు స్కూలు బోర్డులను ఏర్పరచింది. గుజరాత్ నగరాల్లో నేడు నగర ప్రాథమిక శిక్షణ సమితి పేరుతో పనిచేస్తున్నది ఈ వరసలోదే.

నేత వెంట నడిచిన భాష

తెలుగు నేతగాళ్ల పడమటి ప్రయాణం మొదట సోలాపూర్ దారి పట్టింది. 1877లో అక్కడ తొలి నూలుమిల్లు లేచింది. ఆ తర్వాత ముంబై, భివండీ, అటుపైన సూరత్. వరంగల్‌లో నిజాం కాలంలో 1934లో వెలసిన ఆజంజాహీ మిల్లు కొన్ని తరాలకు అన్నం పెట్టి చివరికి మూతపడింది. చేతిమగ్గాల గిరాకీ తగ్గింది. సూరత్‌లో మాత్రం కృత్రిమ పట్టు చీరల పరిశ్రమ ఏటికేడు పెరిగింది. సిరిసిల్లలో సాంచా (మరమగ్గం) నడిపిన చేయి సూరత్‌లోనూ సాంచా నడిపింది. పని మారలేదు, ఊరు మారింది. వలస ఎంత పెద్దదంటే, 2017 అక్టోబరు 22న వరంగల్ దగ్గర కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు పునాది వేసినప్పుడు, సూరత్, భివండీ, సోలాపూర్ వెళ్లిన నేతన్నలను తిరిగి రప్పించడం దాని ఉద్దేశాల్లో ఒకటని తెలంగాణ ప్రభుత్వం చెప్పింది.

మనుషులు వచ్చారు, వెంట పిల్లలు వచ్చారు. పిల్లలకు ఏ భాషలో చెప్పాలి? దీనికి రాజ్యాంగంలో జవాబుంది. 1956లో ఏడో సవరణ ద్వారా చేరిన 350ఏ అధికరణం, భాషా మైనారిటీల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువుకునే వసతి కల్పించడానికి కృషి చేయాలని ప్రతి రాష్ట్రానికీ, ప్రతి స్థానిక సంస్థకూ చెబుతుంది. దానికి ముందే, 1949లో రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం ఒక లెక్క తేల్చింది. బడి మొత్తంలో నలభై మంది గానీ, ఒక తరగతిలో పది మంది గానీ ఆ భాష పిల్లలుంటే, ఆ భాషలో చెప్పే టీచరు ఒకరైనా ఉండాలి. సూరత్‌లో తెలుగు మాధ్యమం ఎవరో దయతలచి ఇచ్చినది కాదు. దాని వెనక ఈ హామీ ఉంది.

2001 జనాభా లెక్కల్లో సూరత్ నగర జనాభా 24 లక్షలు. 2011కు 44 లక్షలు దాటింది. పదేళ్లలో అంత పెరిగిన ఊళ్లో బడి గదులు సరిపోవు. అందుకే ఒకే భవనంలో రెండు పాళీలు: పొద్దున ఒక బడి, మధ్యాహ్నం మరో బడి. నేత కార్ఖానాలో పన్నెండు గంటల పాళీ. నాయిన రాత్రి పాళీ దిగి వచ్చేసరికి బిడ్డ బడికి బయలుదేరుతుంది. అమ్మ ఇంట్లోనే చీరల పని చేస్తుంది. రాళ్లు అతికించడం, దారాలు కత్తిరించడం, చీరకు ఇంతని కూలి. గది మధ్యలో చీరల కుప్ప, ఆ కుప్ప పక్కనే పుస్తకం. చేతిలో జిగురు ఉన్న తల్లి పుస్తకం తిప్పలేదు. కానీ చెవి ఖాళీగానే ఉంటుంది. పిల్ల పాఠం పైకి చదువుతుంటే ఎక్కడ ఆగిందో, ఎక్కడ బొమ్మ చూసి ఊహించి చెప్పేసిందో, అక్షరం రాని తల్లికి కూడా పట్టుబడుతుంది. ధూళి నిశాళ నాటి తండ్రికి దుకాణం ఎలాంటిదో ఈ తల్లికి ఆ చీరల కుప్ప అలాంటిది.

వాడకు పడిన మచ్చ, బడికి పడిన మచ్చ

1994 సెప్టెంబరులో సూరత్‌ను ప్లేగు భయం కమ్మేసింది. లక్షలమంది రైళ్లెక్కి పారిపోయారు. మురికివాడల పేరు చెబితే జనం ముఖం తిప్పుకున్నారు. 1995లో మున్సిపల్ కమిషనర్‌గా వచ్చిన సూర్యదేవర రామచంద్రరావు తెలుగువాడు. అధికారులను గదుల్లోంచి లేపి రోజూ వీధుల్లోకి పంపాడు. చెత్త ఎత్తే పనిని గంటల లెక్కన, వీధుల లెక్కన పంచాడు. అందరూ అసహ్యించుకున్న నగరానికి 1996లోనే, దేశంలోని శుభ్రమైన నగరాల్లో చండీగఢ్ తర్వాత రెండోదని ఇంటాక్ సంస్థ గుర్తింపు దక్కింది.

బడి గురించి ఆలోచించే తల్లిదండ్రులకు ఈ కథ చాలా ముఖ్యం. ఒక చోటుకు పడిన చెడ్డపేరు ఆ చోటు స్వభావం కానక్కరలేదు. రెండేళ్లలో పోగొట్టగలిగిన మచ్చ కావచ్చు. సూరత్‌లో బడి పేరు వాడ పేరుతోనే లేస్తుంది, వాడ పేరుతోనే పడుతుంది. వానాకాలంలో మీఠీ ఖాడీ పొంగితే లింబాయత్ వీధులు నీట మునుగుతాయి. 2006 ఆగస్టులో ఉకాయ్ డ్యాం నీళ్లు తాపీలోకి వదిలినప్పుడు నగరంలో చాలా భాగం మునిగింది. నీళ్లొచ్చిన వారం బడి ఉండదు, తర్వాత హాజరు పడిపోతుంది. దీపావళికి కార్ఖానాలు కట్టేసి లాభ పంచమి దాకా తెరవరు. గుజరాత్ బళ్లకు పండగ సెలవులు అప్పుడే. తెలంగాణ కుటుంబాలకు పెద్ద పండగలు బతుకమ్మ, దసరా. సొంతూరికి వెళ్లిన పిల్లలు బడి నడిచే రోజుల్లోనే రెండు వారాలు రారు. హాజరుపట్టీలో ఇవన్నీ ఖాళీ గళ్లే. వాటిని చూసి టీచరు చెప్పలేదనుకోవడం అన్యాయం.

మరో కారణం సాంచాల కదలిక. నగరం నడిబొడ్డున ఉన్న నేత యూనిట్లు మెల్లగా సచిన్, పల్సాణా, సాయణ్, కిమ్ వైపు తరలాయి. పాత మగ్గాల స్థానంలో వాటర్‌జెట్, రేపియర్ యంత్రాలొచ్చి మనుషుల అవసరాన్ని తగ్గించాయి. నాయిన పని పదిహేను ఇరవై కిలోమీటర్ల దూరం పోతే ఇల్లు మారుతుంది, బిడ్డ పేరు బడి నుంచి తీసేసి ఎల్‌సీ (బడి వదిలినట్టు ఇచ్చే సర్టిఫికెట్) పట్టుకుపోతారు. ముంబైలోనూ ఇదే చూశాం. మిల్లులు మూతపడి, కుటుంబాలు నగరం అంచులకు చెదిరి, ఉన్నవాళ్లు ఇంగ్లీషు వైపు మళ్లాక, అక్కడి మున్సిపల్ తెలుగు బళ్లు పలచబడ్డాయి. అంత మాత్రాన ఆ బళ్లలో చదువు లేదని చెప్పగలమా?

గుణోత్సవ్ చూసేది, చూడనిది

గుజరాత్ ప్రభుత్వం 2003 నుంచి జూన్‌లో శాలా ప్రవేశోత్సవం జరుపుతోంది. మంత్రులు, అధికారులు వచ్చి పిల్లల చేయి పట్టుకుని బడిలోకి నడిపిస్తారు. ఆడపిల్లల్ని బడిలో చేర్చించడం దానితో కలిసిన కన్యా కేళవణి లక్ష్యం. చేరిక పెరిగాక, చేరినవాళ్లకు ఏం వస్తోందన్న ప్రశ్న వచ్చింది. 2009లో గుణోత్సవ్ మొదలైంది. టీచర్లు తమను తాము అంచనా వేసుకున్నాక పైఅధికారులు బడికి వచ్చి చదవడం, రాయడం, లెక్కలు పరీక్షించి ఏ ప్లస్ నుంచి డి దాకా గ్రేడు ఇచ్చారు.

దీని మేలు దీనికుంది. రాష్ట్రమంతటా ఒకే రోజుల్లో పిల్లల చదువును ముఖాముఖి చూడటం చిన్న విషయం కాదు. ఏ బడికి సాయం కావాలో అధికారికి తెలుస్తుంది. కానీ తల్లిదండ్రులకు కావలసిన ప్రశ్న వేరు. గ్రేడు అన్నది ఏదో ఒకరోజు బడి ఎక్కడ నిలబడి ఉందో చెబుతుంది. పిల్లవాడు ఎక్కణ్ణుంచి బయలుదేరి అక్కడికొచ్చాడో చెప్పదు. ఇంట్లో పుస్తకమే లేని బిడ్డ, ట్యూషన్‌కు పోయే బిడ్డ ఒకే గ్రేడులో కలిసిపోతారు. ఏడాది కిందట అక్షరం రాని బిడ్డ ఇవాళ పేరా చదివితే, దాని వెనక టీచరు కష్టం ఎంతో సి గ్రేడు కాగితం మీద కనబడదు. ఫలితాలను బట్టి గ్రాంటు కాలం నుంచీ పైనుంచి వేసే కొలతలకు ఉన్న లోటు ఇదే.

తల్లిదండ్రులు ఏం చూడాలి

2010 ఏప్రిల్ 1 నుంచి అమలైన విద్యాహక్కు చట్టం తల్లిదండ్రుల చేతికి కొన్ని సాధనాలిచ్చింది. చాలా ఇళ్లకు వాటి సంగతి తెలియదు.

మొదటిది టీచర్ల లెక్క. ఒకటి నుంచి ఐదు తరగతుల్లో అరవై మంది లోపు పిల్లలుంటే చట్టం ప్రకారం ఇద్దరు టీచర్లు, తొంభై దాకా ముగ్గురు. అంటే పిల్లలు తగ్గిన బడిలో ఇద్దరు టీచర్లు ఐదు తరగతులు చూసుకోవడం చట్టానికి లోబడే జరుగుతుంది. ఒకే గదిలో రెండు తరగతులు కనబడితే తల్లి గాభరా పడటం సహజం. ఆమె చూడాల్సింది ఇంకొకటి ఉంది. టీచరు మూడో తరగతికి పాఠం చెబుతున్నప్పుడు రెండో తరగతి పిల్లలకు చేతిలో పని ఉందా, ఊరకే కూర్చున్నారా? ఉంటే ఆ పని తర్వాత టీచరు దిద్దుతున్నారా? ఒక గంట ఆ గది గుమ్మంలో నిలబడితే తెలిసిపోతుంది.

రెండోది నోటుపుస్తకం. కొత్తగా అట్ట వేసినది కాదు, నాలుగు నెలలు వాడినది అడిగి చూడాలి. జూలైలో రాసిన పేజీ, నవంబరులో రాసిన పేజీ పక్కపక్కన పెట్టాలి. జూలైలో తప్పుగా రాసిన ఒత్తు నవంబరులో సరిపడిందా? టీచరు సంతకంతో వదిలేశారా, తప్పు చుట్టూ గీత గీసి మళ్లీ రాయించారా? బల్ల మీది పాఠాన్ని ఎక్కించుకున్న రాతకూ, పిల్లవాడు సొంతంగా రాసిన రెండు వాక్యాలకూ తేడా కనబడుతుంది. సొంత వాక్యాలు అసలే లేకపోతే అక్కడ లోపం ఉన్నట్టే.

మూడోది భాషల మధ్య వంతెన. గుజరాత్ ప్రభుత్వం 2023లో చట్టం చేసి, ఒకటి నుంచి ఎనిమిది దాకా అన్ని బళ్లలో గుజరాతీ బోధన తప్పనిసరి చేసింది. తెలుగు బడిలో చదివే బిడ్డకు ఇది భారం అనుకోనక్కరలేదు. ఇంటి భాషలో చదవడం, ఆలోచించడం గట్టిపడ్డ బిడ్డ వీధి భాషను తొందరగా పట్టుకుంటుంది. అయితే ఆ గుజరాతీ పాఠం నిజంగా జరుగుతోందా, టైంటేబుల్ మీద మాత్రమే ఉందా అని అడిగి తీరాలి. ఐదో తరగతి తెలుగు పిల్ల బస్సు బోర్డు, మందుల దుకాణం చీటీ గుజరాతీలో చదవగలిగితే బడి తన పని చేస్తున్నట్టే.

నాలుగోది ఎనిమిది తర్వాతి దారి. నగరపాలక సంస్థకు సుమన్ శాలల పేరుతో ఉన్నత పాఠశాలలున్నాయి. ఈ బడి నుంచి ఎనిమిది పాసై పోయిన పిల్లలు ఎక్కడ చేరారు, తొమ్మిదిలో మాధ్యమం మారితే నిలబడ్డారా, మానేశారా? ప్రధానోపాధ్యాయుడి దగ్గర పేర్లుంటాయి. వాడలో ఆ పిల్లలే ఉంటారు. ఏ గ్రేడు కాగితం కంటే ఈ జవాబు విలువైనది. 1922 తర్వాత జాతీయ బళ్లు జవాబు చెప్పలేకపోయినది కూడా ఈ ప్రశ్నకే.

భోజనం, మరుగుదొడ్డి, తాగునీరు, గేటు ముందు ట్రాఫిక్ కూడా చూడాల్సినవే. గుజరాత్‌లో మధ్యాహ్న భోజనం 1984లోనే మొదలైంది. పుట్టినరోజో పెద్దల తిథో వచ్చినప్పుడు ఇంటివాళ్లు బడి పిల్లలందరికీ అన్నం పెట్టే తిథి భోజనం అనే మంచి ఆచారం కూడా అక్కడుంది. తెలుగు కుటుంబాలు దాన్ని అందిపుచ్చుకుంటే, అన్నం వడ్డించే చేతులకు తరగతి గది కూడా కనబడుతుంది.

2020 లాక్‌డౌన్ తర్వాత ప్రైవేటు ఫీజులు కట్టలేని ఎన్నో ఇళ్లు సూరత్ మున్సిపల్ బళ్ల వైపు మళ్లాయి. వరాఛా వైపు కొన్ని బళ్లకు సీట్లకు మించి దరఖాస్తులొచ్చాయి. నిన్నటిదాకా పేదల బడి అని పక్కనపెట్టిన చోటే సీటు కోసం పోటీ పడ్డారు. అవసరంతో లోపలికి వెళ్లి చూసినవాళ్లు అభిప్రాయం మార్చుకున్నారు.

సంఘం చేయగలిగినది

ఇంత చూసిన తర్వాత కూడా ఒక తల్లి తన బిడ్డను గుజరాతీ బడికో ఇంగ్లీషు బడికో మారుస్తానంటే ఆమెను తప్పు పట్టకూడదు. బిడ్డ భవిష్యత్తును పణంగా పెట్టి భాషను కాపాడమని ఏ కూలి కుటుంబాన్నీ అడిగే హక్కు ఎవరికీ లేదు. అడగాల్సింది బడిని నడిపేవాళ్లను, బలగం ఉన్న సంఘాలను.

సూరత్ తెలుగువాళ్లు చందాలు వేసుకుని పండగలు చేసుకుంటారు. వీధుల్లో బతుకమ్మ ఆడతారు, మార్కండేయుడిని కొలుస్తారు, కుల సంఘాలు నడుపుతారు. విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రతి ప్రభుత్వ బడికీ నిర్వహణ కమిటీ ఉండాలి. అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే, మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలు. బడి అభివృద్ధి ప్రణాళిక రాయడం, గ్రాంటు ఖర్చును చూడటం దాని పని. చాలాచోట్ల రిజిస్టరులో వేలిముద్ర వేయడంతో ఈ కమిటీ పని ముగుస్తుంది. రాత్రి పాళీ నాయిన రాలేడు, చీరల కూలి పోతుందని అమ్మ రాదు. సంఘం కల్పించుకుని ఆ ఒక్కపూట కూలి సర్దితే, సమావేశాన్ని కార్ఖానాకు సెలవున్న రోజుకు మార్పిస్తే, తీర్మానాన్ని తెలుగులో చదివి వినిపిస్తే, కమిటీ నిజంగా కూర్చుంటుంది.

పిల్లలు తగ్గారన్న కారణంతో ఒక తెలుగు బడిని పక్క బడిలో కలపాలన్న మాట ఎప్పుడు వచ్చినా, ఆ కమిటీ ముందుగా మూడు కాగితాలు అడగాలి. గత ఐదేళ్లలో బడి వదిలిన ప్రతి పిల్లవాడూ ఏ కారణంతో వెళ్లాడో చూపే ఎల్‌సీల జాబితా. ఒకటో తరగతిలో చేరిన పిల్లలు మూడుకు వచ్చేసరికి తెలుగు, గుజరాతీ ఎంత చదవగలుగుతున్నారో చూపే పరీక్షల రికార్డు. చుట్టుపక్కల ఒక కిలోమీటరు లోపల బడి ఈడు తెలుగు పిల్లలు ఎంతమంది ఉన్నారో, వాళ్లు ఎక్కడ చదువుతున్నారో తేల్చే ఇంటింటి లెక్క. మొదటి రెండూ బడిలోనే ఉంటాయి. మూడోది లేకపోతే సంఘం యువకులే ఒక ఆదివారం వాడ తిరిగి రాసుకురాగలరు. అందులో నలభై పేర్లు తేలితే, 1949 నాటి ఆ లెక్కనూ 350ఏ అధికరణాన్నీ ఎత్తిచూపి నగర ప్రాథమిక శిక్షణ సమితి ముందు అర్జీ పెట్టవచ్చు.